లెక్క చెప్పం, ధ్యానం చేయిస్తాం

పెనుగొండలో ఏ కుర్రాడైనా లెక్కలు రాక దిగులుపడితే వాడికి సమస్తం దొరుకుతుంది. పొద్దున్నే ధ్యానం దొరుకుతుంది. గుడిలో హాల్‌టికెట్టుకి కుంకుమబొట్టు దొరుకుతుంది. జ్ఞాపకశక్తికి సరస్వతీ లేహ్యం దొరుకుతుంది. మైకు పట్టుకుని పొరుగూరి నుంచి దిగే వ్యక్తిత్వ వికాస నిపుణుడు దొరుకుతాడు. ఓటమే గెలుపుకి తొలిమెట్టని గంటన్నర చెప్పి, తన పుస్తకాలు అమ్ముకుని, చీకటి పడకముందే కారెక్కేస్తాడు. దారిన పోతూ ఆగి, “ఏరా, మేథ్స్‌లో ఎన్నొచ్చాయి?” అని పరామర్శించే బాబాయిగారైతే వీధికి ఇద్దరు దొరుకుతారు. దొరకనిది ఒక్కటే. రెండో లైను నుంచి మూడో లైను ఎలా వచ్చిందో చెప్పే మనిషి.

క్లాసులో సరళరేఖాయుగ్మాలు నడుస్తున్నాయనుకోండి. బోర్డు నిండా ఎక్సులూ వైలూ. మూడో బెంచీ కుర్రాడు లేచాడు.

“సార్, ఆ మూడో లైను ఎలా వచ్చింది సార్?”

“వచ్చింది. రాసుకో.”

“అది కాదండి, పైన ప్లస్ ఉంది కదండి, కిందకొచ్చేసరికి మైనస్...”

“ఒరేయ్, ఇది ఎన్ని మార్కులది?”

“ఏడండి.”

“ఏడు మార్కులది అడక్కూడదు, రాయాలి. కూర్చో.”

కూర్చున్నాడు. ఇక ఆ క్లాసులో వాడు మళ్లీ లేవడు. సారు చెడ్డవాడేం కాదు. సంక్రాంతికల్లా సిలబస్ అవగొట్టకపోతే ఆయన్ని ఇంకొకాయన నిలబెడతాడు. కాబట్టి ఆయన సిలబస్ అవగొడతాడు, కుర్రాడి పని కూడా అందులోనే అయిపోతుంది. వారం తిరక్కుండా వాడికి తలపోటు, కడుపునొప్పి, రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం. అప్పుడు మేలుకుంటుంది విద్యావ్యవస్థ. “అబ్బాయికి స్ట్రెస్సండి” అని రోగానికి పేరు పెడుతుంది. ప్రశ్నకి జవాబు చెప్పడానికి అర నిమిషం లేని కాలేజీ, ఒత్తిడి తగ్గించడానికి మాత్రం వారానికో పీరియడు కేటాయిస్తుంది. కళ్లు మూసుకోండి, శ్వాస మీద ధ్యాస పెట్టండి అంటారు. వాడు బుద్ధిగా కళ్లు మూసుకుంటాడు. లోపల మూడో లైను కనబడుతుంది.

ఈ గోదావరి సీమకి లెక్కలు కొత్తేం కాదు. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడు ఏలిన 11వ శతాబ్దం నాటివాడని చెప్పే పావులూరి మల్లన, మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి దింపాడు. జనం లెక్కని పాడుకుంటూ నేర్చుకోవాలని ఆయన తాపత్రయం. ఆయన లెక్కల్ని పద్యాలు చేస్తే, మనం వెయ్యేళ్లు కష్టపడి లెక్కల్నే పద్యాల్లా అప్పజెప్పించే స్థాయికి ఎదిగాం. అర్థం అడగొద్దు, గణాలు తప్పొద్దు. ఇదే కుర్రాడు సాయంత్రం కొట్టు మీద కూర్చుంటే, నూటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున పద్నాలుగు నెలల బాకీ కాగితం ముట్టకుండా తేలుస్తాడు. ఎకరంలో ఎన్ని సెంట్లు కాలవ గట్టుకి పోయాయో నోటితో చెబుతాడు. మర్నాడు క్లాసులో వాడికి “లెక్కల బుర్ర లేదు”.

నిజానికి లెక్కలు అందరికీ తప్పనిసరి అయినది పదో తరగతి వరకే. అక్కడిదాకా నిర్బంధం చట్టానిది, ఆపైన చుట్టాలది. పది ఫలితాలొచ్చిన సాయంత్రం అరుగు మీద సభ జరుగుతుంది.

“మావోణ్ని ఎంపీసీలో వేసేశానండి.”

“ఆడికి లెక్కలంటే ఇష్టవేనాండి?”

“ఇష్టవేంటండీ బాబూ, ఎంపీసీ అయితే ఆప్షన్లు ఎక్కువంట. ఆయ్.”

ఆప్షన్లు ఎక్కువే. వద్దనే ఆప్షను మాత్రం అందులో లేదు. ఊరి పక్కనే మార్టేరు వరి పరిశోధన కేంద్రం ఉంది. ఎంటీయూ 7029, అదే మన స్వర్ణ, 1982లో అక్కణ్నుంచే బయటికొచ్చింది. సార్వాకి స్వర్ణ, దాళ్వాకి 1010, పల్లానికి ఒకటి, మెరకకి ఒకటి అని నలుగురినీ ఆరా తీసి విత్తనం తెచ్చుకునే రైతు, కన్నకొడుకు దగ్గరికొచ్చేసరికి నేల చూడడు, నీరు చూడడు. రెండు పంటలకీ ఒకటే వంగడం, ఎంపీసీ. మొలక రాకపోతే తప్పు నేలది!

మహారాజు పెళ్లికి అడిగినా కుదరదని చెప్పిన కన్యను గుడి కట్టి కొలుస్తున్న ఊరు ఇది. ఆ గుడికే హాల్‌టికెట్టు పట్టుకొచ్చే పిల్ల, “నాన్నా, నాకు లెక్కలొద్దు” అని మాత్రం అనలేదు. అంటే నాన్నగారికి బీపీ వస్తుంది. ఇంటిల్లిపాదీ ఆయన చుట్టూ చేరతారు. ఒత్తిడికి గురైనవాడు ఆయనే అని తేలుతుంది.

సర్కారు చూస్తూ ఊరుకోలేదు, పాపం. సీబీఎస్‌ఈ 2020 పరీక్షల నుంచి పదో తరగతి లెక్కల్లో స్టాండర్డ్, బేసిక్ అని రెండు దారులు పెట్టింది. మన పెద్దల కాలంలో మనకీ జనరల్ మేథ్స్, కాంపోజిట్ మేథ్స్ అని రెండు ఉండేవి. అభివృద్ధి చెంది ఒకటి చేసుకున్నాం. ఇంటర్ బోర్డు 2025-26లో మొదటి సంవత్సరం లెక్కల 1ఎ, 1బి పేపర్లు రెంటినీ కలిపి 100 మార్కుల ఒకే పేపరు చేసింది. గట్టెక్కడానికి 35. అంతకుముందు లెక్కల పేపరు 75 మార్కులది, ధాన్యం బస్తా 75 కిలోలది. బస్తా మోసినవాడికి కనీసం కూలి ముట్టేది. అదే ఏడు బైపీసీ పిల్లలు కూడా కావాలంటే లెక్కలు తీసుకోవచ్చన్నారు. ఐచ్ఛికమే. కాకపోతే ఆ ఇచ్ఛ నాన్నగారిది.

ఇక డిసెంబర్ 22 వస్తే చూడాలి మన భక్తి. రామానుజన్ పుట్టినరోజు, 2012 నుంచి జాతీయ గణిత దినోత్సవం. వాకిట్లో పై గుర్తుతో ముగ్గు, పటానికి దండ, మైకులో ఉపన్యాసం. కుంభకోణం కాలేజీలో మిగతా సబ్జెక్టులు తప్పి స్కాలర్‌షిప్పు పోగొట్టుకున్నాడని, ఆనక మద్రాసు పచ్చయప్ప కాలేజీలో చేరి కూడా ఎఫ్.ఏ. గట్టెక్కలేదని మాత్రం ఆ మైకు చెప్పదు. ఆ మహానుభావుడే ఇవాళ మన దగ్గర చేరితే చివరి సెక్షన్లో చివరి బెంచీ. జవాబు రాసి ఊరుకునే అలవాటు కదా, లెక్కల పేపర్లో కూడా ఎర్రసిరాతో “స్టెప్స్ ఏవి?” అని రాసి, ఏడుకి ఒకటిన్నర వేసి, తల్లిదండ్రుల్ని తీసుకురమ్మంటాం.

విశాఖలో నీట్‌కి చదువుతూ 2023లో చనిపోయిన ఓ అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పిచ్చింది. వందమంది, అంతకు మించి పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలంది. మార్కుల్ని బట్టి బ్యాచులు విడదీయడం, నలుగురిలో అవమానించడం, శక్తికి మించిన టార్గెట్లు పెట్టడం “వీలైనంత వరకు” మానుకోమంది. తీర్పంతా చదివే తీరిక ఎవరికుంది? ఆ రెండు మాటలు మాత్రం బట్టీ పట్టేశారు. వీలు కాలేదు. కౌన్సెలరంటారా, నిన్నటిదాకా ఫీజుల కౌంటర్లో కూర్చున్నాయనే. టర్మ్ ఫీజు ఎప్పుడు కడతావని అడిగిన గొంతుతోనే, “నీ బాధేంట్రా, నాతో చెప్పుకో” అంటాడు.

అదే తీర్పులో ఒక అంకె ఉంది. 2022లో ఈ దేశంలో పరీక్ష తప్పడమే కారణంగా నమోదైన ఆత్మహత్యలు 2,248. సెంటర్లో ర్యాంకుల ఫ్లెక్సీల మీద ఎన్నో అంకెలుంటాయి, ఇది ఎక్కడా ఉండదు. గుండె బరువెక్కిన పిల్లలకి వేళాకోళం లేకుండా ఒక మాట. టెలిమానస్ హెల్ప్‌లైన్ 14416కి ఏ వేళప్పుడైనా ఫోన్ చెయ్యండి. డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. ధ్యానం మంచిదే, కౌన్సెలింగ్ ఇంకా మంచిది. కానీ అర్థం కాలేదన్న పిల్లాడికి అర్థమయ్యేలా చెప్పడానికి బదులుగా వాటిని చేతిలో పెట్టడం మందు కాదు, ఎగవేత. భయపడినవాడికే చికిత్స చేసి, భయపెట్టినవాళ్లకి శాలువా కప్పడం మన ప్రత్యేకత.

అందుకని ఈ ఏడు పెద్దలకు కూడా ఒక పరీక్ష ప్రతిపాదిస్తున్నాను. సమయం మూడు గంటలు. అన్ని ప్రశ్నలకూ జవాబు రాయవలెను. చాయిస్ లేదు.

1. మీ పిల్ల చివరిసారి “నాకు అర్థం కాలేదు” అన్నది ఎప్పుడు? దానికి మీరు అన్న మాటను యథాతథంగా రాయండి. (2 మార్కులు)

2. కాలేజీ యాజమాన్యానికి: గణిత దినోత్సవం షామియానాకి అయిన ఖర్చుకూ, సందేహాలు తీర్చే క్లాసుకి పెట్టిన ఖర్చుకూ నిష్పత్తి కనుక్కోండి. హారంలో సున్నా వస్తే కారణాలు తెలపండి. (4 మార్కులు)

3. బాబాయిగారికి: ఊళ్లో పిల్లల మార్కులన్నీ తెలుసుకోవడం వల్ల మీకు ఒరిగిన లాభాన్ని గణితానుగమన పద్ధతిలో నిరూపించండి. (7 మార్కులు)

బట్టీ పట్టిన జవాబులు చెల్లవు. గ్రేసు మార్కులు కలపబడవు. తప్పినవారి వివరాలు ఫొటోతో సహా సెంటర్లో ఫ్లెక్సీ మీద వేయబడును.