బడి ఆట దండగట!

అమెరికా శివారు కాలనీల్లో కొన్నేళ్లుగా ఒక వేదవాక్కు చలామణిలో ఉంది. పిల్లవాడు కాలేజీ జట్టులో ఆడాలంటే హైస్కూల్ జట్టులో ఆడటం శుద్ధ దండగట. కాలేజీ కోచ్‌లు బడి మైదానం వైపు కన్నెత్తి కూడా చూడరట. వాళ్లు చూసేదల్లా క్లబ్బులు, ట్రావెల్ టీములు, ఊరూరా జరిగే షోకేస్ టోర్నమెంట్లేనట. టెక్సస్‌లో ఫ్రిస్కో మొదలుకొని న్యూజెర్సీలో ఎడిసన్ దాకా, తెలుగువాళ్లు గుంపుగా కాపురాలు పెట్టిన చోటల్లా ఈ మాట గట్టిగానే వినపడుతోంది. చెప్పేవాళ్లలో క్లబ్బుల యజమానులు, ప్రైవేటు కోచ్‌లు, గంటకింతని పుచ్చుకునే రిక్రూటింగ్ సలహాదార్లు ఎక్కువగా ఉండటం కేవలం యాదృచ్ఛికమని మనం నమ్మాలి. బడి ఆటకు ఫీజు తక్కువ, చాలాచోట్ల అసలే లేదు. ఊరికే దొరికేదాన్ని పనికిరానిదని తేల్చేస్తే గాని డబ్బు పెట్టి కొనేది అమ్ముడుపోదు. అయితే చెప్పేవాడికి లాభం ఉన్నంత మాత్రాన చెప్పిన మాట అబద్ధమైపోదు కాబట్టి, ముందు అందులో నిజం ఎంతుందో తూచి చూద్దాం.

కొన్ని ఆటల్లో నిజం బాగానే ఉంది. టెన్నిస్‌లో బడి తరఫున జిల్లా కప్పు గెలిచిన కుర్రాడి కంటే యూటీఆర్ రేటింగులో పై మెట్టు మీదున్న కుర్రాడికే కోచ్ ముందు ఫోన్ చేస్తాడు. కాలేజీ ఆటల్లో పై అంచె అయిన డివిజన్ 1 పురుషుల టెన్నిస్‌లో సగానికి మించి విదేశీ ఆటగాళ్లే. వాళ్లలో చాలామంది అమెరికన్ హైస్కూల్ గడప తొక్కకుండానే నేరుగా యూనివర్సిటీలో దిగినవాళ్లు. నెల్లూరు మూలాలున్న నిశేష్ బసవరెడ్డి 2022లో యూఎస్ ఓపెన్ జూనియర్ డబుల్స్ గెలిచి, అదే ఏడాది స్టాన్‌ఫర్డ్‌లో చేరాడు. అలాంటివాణ్ని కనిపెట్టడానికి ఏ కోచ్ కూడా అతను పెరిగిన ఇండియానాలో బడి కోర్టుల పక్కన మడత కుర్చీ వేసుకుని కూర్చోనక్కర్లేదు. గోల్ఫ్‌లోనూ అంతే, జాతీయ జూనియర్ టోర్నమెంట్ల స్కోర్లే మాట్లాడతాయి. సాకర్‌లో వ్యవహారం ఇంకా ముదిరింది. అమెరికా సాకర్ సమాఖ్య నడిపిన డెవలప్‌మెంట్ అకాడమీ 2012లో సీజన్‌ను పది నెలలకు సాగదీసి, కొద్దిపాటి మినహాయింపులు తప్ప తమ పిల్లలు బడి జట్టుకు ఆడకూడదని హుకుం జారీ చేసింది. బడి ఆటను అంత ఖచ్చితంగా బహిష్కరించిన ఆ అకాడమీ 2020 ఏప్రిల్‌లో తానే మూతపడింది. బడి జట్లు మాత్రం ఇంకా ఆడుతూనే ఉన్నాయి.

ఇక ఇదే వేదవాక్కును డాలస్ ఉత్తరాన ఉన్న ఆలెన్ ఊళ్లో శుక్రవారం రాత్రి చదివి వినిపించండి చూద్దాం. అక్కడ హైస్కూల్ ఫుట్‌బాల్ కోసం 6 కోట్ల డాలర్లకు దగ్గర దగ్గరగా ఖర్చుపెట్టి, 18,000 మంది కూర్చునే స్టేడియం కట్టి 2012లో తెరిచారు. రెండేళ్లు తిరక్కుండానే కాంక్రీటుకు పగుళ్లొచ్చి మూసి మరమ్మతు చేయించుకున్నారన్నది వేరే సంగతి. కాంట్రాక్టు పనుల తీరు ఏ దేశంలోనైనా ఒకటే. ఆ బడి క్వార్టర్‌బ్యాక్‌గా కైలర్ మరే 42 మ్యాచ్‌లు ఆడి 42 గెలిచాడు, ఆ తరవాత ఓక్లహోమా యూనివర్సిటీకి ఆడి 2018లో కాలేజీ ఫుట్‌బాల్ ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ అందుకున్నాడు. హెల్మెట్లు పెట్టుకుని ఢీకొట్టుకునే పదకొండుమంది ఫుట్‌బాల్‌కు ఆ వయసులో బడిని మించిన క్లబ్బు లేదు. కోచ్‌లు చూసేది బడి మ్యాచ్‌ల వీడియోలే, అడిగేది బడి కోచ్‌నే. పరుగుపందేల్లోనైతే గడియారానికి కులగోత్రాల పట్టింపు లేదు. బడి మీట్‌లో తీసిన టైమింగైనా క్లబ్బు మీట్‌లో తీసిన టైమింగైనా సెకన్లు సెకన్లే. ఈతలోనూ అంతే.

బాస్కెట్‌బాల్ కథ మరీ సొగసుగా ఉంటుంది. వేసవి క్లబ్బు లీగుల్ని బూట్ల కంపెనీలు పోషించడం, కోచ్‌లంతా జూలైలో అక్కడే గుమిగూడటం మొదలైన కొన్ని దశాబ్దాలకు, 2017 సెప్టెంబరులో లంచాల కేసులో ఎఫ్‌బీఐ వచ్చి పదిమందిని అరెస్టు చేసింది. వాళ్లలో నలుగురు కాలేజీ సహాయ కోచ్‌లు. పరువు కాపాడుకోవడానికి, కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ, మాజీ విదేశాంగ మంత్రి కాండొలీజా రైస్ అధ్యక్షతన కమిషన్ వేసింది. 2018లో ఆ కమిషన్ నివేదిక వచ్చాక జరిగిన మార్పుల్లో ఒకటి, 2019 జూన్ నుంచి హైస్కూల్ జట్లు ఆడే టోర్నమెంట్లకు కూడా కోచ్‌లు వెళ్లి చూడవచ్చన్న అనుమతి. అంటే బడి ఆటను కోచ్‌లు చూడటం మానేశారన్నది ప్రకృతి ధర్మమేమీ కాదు. ఎక్కడ చూడాలో, ఏ నెలలో చూడాలో రాసిపెట్టే నియమావళి ఒకటుంది. దాన్ని బట్టి వాళ్ల చూపులు తిరుగుతుంటాయి.

కాబట్టి ఆటను బట్టి జవాబు మారుతుంది. కానీ ఈ వేదవాక్కుతో అసలు పేచీ ఇది కాదు. ‘కోచ్‌లు అక్కడ చూస్తారు’ అన్న సగం నిజాన్ని ముందుపెట్టి, ‘అక్కడికి వస్తే మీవాణ్ని చూస్తారు’ అన్న అబద్ధాన్ని వెనకనుంచి అమ్మేస్తున్నారు. షోకేస్ టోర్నమెంటును దగ్గరగా చూస్తే వైనం తెలుస్తుంది. ఒకే ప్రాంగణంలో వరసగా ఇరవై మైదానాలు, పొద్దున్నే మొదలై చీకటి పడేదాకా మ్యాచ్‌లు. యూనివర్సిటీ లోగో ఉన్న టీషర్టు వేసుకుని, చేతిలో అట్ట పట్టుకుని ఒక మనిషి నడిచొస్తుంటే గట్టు మీది తల్లిదండ్రులు మాటలాపి లోగో ఏ యూనివర్సిటీదో పోల్చుకుంటారు. ఆ కోచ్ వారం ముందే తన జాబితా రాసుకుని వచ్చాడు. ఏడో నంబరు మైదానంలో ఫలానా జెర్సీ, పదమూడో మైదానంలో ఫలానా జెర్సీ. ఆ ఇద్దర్నీ చూసి, కాఫీ తాగి, విమానం ఎక్కుతాడు. మిగతా వందలమంది కట్టిన ఎంట్రీ ఫీజుతో ఆ ఇద్దరి ప్రదర్శన దిగ్విజయంగా జరిగింది. బయటూరి జట్లు నిర్వాహకులు చెప్పిన హోటల్లోనే దిగాలన్న షరతు చాలా టోర్నమెంట్లలో ఉంటుంది. గది అద్దెలో వాటా ఎవరికి చేరుతుందో ఊహించడానికి రిక్రూటింగ్ సలహాదారు అక్కర్లేదు.

పన్నెండేళ్ల పిల్లకి ‘కోచ్‌ల కంట్లో పడే అవకాశం’ అమ్మడమైతే, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెతను కంపెనీగా రిజిస్టర్ చేసినట్టే. 2019 నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం చాలా ఆటల్లో పదో తరగతి పూర్తయ్యాక వచ్చే జూన్ 15 దాకా డివిజన్ 1 కోచ్ ఆ విద్యార్థికి రిక్రూటింగ్ ఉత్తరం రాయకూడదు, ఫోన్ చేయకూడదు. అయితే క్యాంపు కరపత్రాలు మాత్రం ఎప్పుడైనా పంపవచ్చు! అందుకే ఏడో తరగతి పిల్ల పేరు మీద పెద్ద యూనివర్సిటీ నుంచి ‘మా క్యాంపుకు నిన్ను ఆహ్వానిస్తున్నాం’ అని మెయిల్ వస్తుంది. పేరు స్పెల్లింగుతో సహా సరిగ్గా ఉంటుంది, ఎందుకంటే దాన్ని నింపింది కంప్యూటరు. అమ్మానాన్నలు ఆ మెయిల్ స్క్రీన్‌షాట్‌ను వాట్సాప్‌లో ఊళ్లో ఉన్న అమ్మమ్మ, తాతయ్యల దాకా పంపిస్తారు. అడుగున చిన్న అక్షరాల్లో క్యాంపు ఫీజు ఎంతో రాసి ఉంటుంది. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ ఫీజులు కట్టించుకునే హైదరాబాద్, విజయవాడ విద్యావ్యాపారాన్ని దాటుకుని వచ్చినవాళ్లే ఇక్కడ మళ్లీ అదే వలలో పడటం చూస్తే జాలి వేస్తుంది, కొంచెం నవ్వూ వస్తుంది.

లెక్కలకు వద్దాం, లెక్కలంటే మనవాళ్లకు భయం లేదు కదా. అమెరికా హైస్కూల్ ఆటల్లో పాల్గొనేవాళ్ల సంఖ్య 80 లక్షల పైచిలుకు. ఎన్‌సీఏఏ కాలేజీ జట్లన్నిట్లో కలిపి ఆడేవాళ్లు 5 లక్షల పైచిలుకు. హైస్కూల్ ఆటగాళ్లలో ఏదో ఒక మేరకైనా ఆటల స్కాలర్‌షిప్ దక్కేది సుమారు 2 శాతానికేనని ఎన్‌సీఏఏయే చెబుతుంది. డివిజన్ 3 కాలేజీలు ఆటకు పైసా స్కాలర్‌షిప్ ఇవ్వవు. మనవాళ్లు కలలో కూడా కలవరించే ఐవీ లీగ్ కూడా ఇవ్వదు. ఇచ్చే చోట ఎంత? 2024-25 దాకా డివిజన్ 1 పురుషుల టెన్నిస్ జట్టు మొత్తానికి పరిమితి 4.5 స్కాలర్‌షిప్‌లు, గోల్ఫ్‌కూ అంతే, సాకర్‌కు 9.9, బేస్‌బాల్‌కు 11.7. నాలుగున్నరను ఎనిమిది, తొమ్మిదిమంది పంచుకునే వ్యవహారం అది. కాలేజీ ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు రాజీని 2025 జూన్‌లో కోర్టు ఆమోదించాక, దాన్ని ఒప్పుకున్న కాలేజీల్లో ఆ పరిమితి పోయి జట్టులో ఎంతమంది ఉండొచ్చన్న పరిమితి వచ్చింది. టెన్నిస్‌కు 10, బేస్‌బాల్‌కు 34, ఫుట్‌బాల్‌కు 105. స్కాలర్‌షిప్ ఇవ్వడానికి అడ్డు తొలగింది గాని, ఇచ్చే డబ్బు ఆకాశం నుంచి ఊడిపడలేదు. జట్టు చివర సొంత ఖర్చుతో వేలాడే కుర్రాళ్లకు చోటు మాత్రం తగ్గింది. మరోవైపు ఆస్పెన్ ఇన్‌స్టిట్యూట్ సర్వే ప్రకారం 2024లో పిల్లల ప్రధాన ఆట ఒక్కదానిపై అమెరికా కుటుంబం పెట్టిన ఖర్చు సగటున 1,016 డాలర్లు. ఊళ్లోనే ఆడుకునే పిల్లల్ని కూడా కలిపితే తేలిన సగటు ఇది. విమానాలెక్కి టోర్నమెంట్లు తిరిగే ఇంట్లో ఆ అంకె ఒక్క వారాంతానికే ఖర్చయిపోగలదు.

‘మాకు స్కాలర్‌షిప్ డబ్బు కాదు, అడ్మిషన్ కావాలి’ అంటారు తెలివైనవాళ్లు. ఇది కొట్టిపారేయదగ్గ వాదన కాదు. హార్వర్డ్ మీద నడిచిన అడ్మిషన్ల కేసు విచారణలో, కోచ్ ఎంపిక చేసుకున్న క్రీడాకారుల్లో 86 శాతానికి సీటు దక్కుతుందని బయటపడింది. మామూలు దరఖాస్తుదారులకు దక్కే చిన్న అంకె పక్కన ఈ 86 చూస్తే ఎవరికైనా నోరూరుతుంది. కానీ ఆ 86 శాతం ‘కోచ్ ఎంపిక చేసుకున్న’ వాళ్లలో. వడపోత అంతా దానికి ముందే అయిపోయింది. ఈ ఆశ ఎంత దూరం తీసుకెళ్తుందో 2019 మార్చిలో లోకం చూసింది. రిక్ సింగర్ అనే సలహాదారు డబ్బున్నవాళ్ల పిల్లలకు దొంగ క్రీడాచరిత్రలు తయారు చేశాడు. ఓ సినీనటి కూతుళ్లను రోయింగ్ యంత్రం మీద కూర్చోబెట్టి తీసిన ఫొటోలు, ఫుట్‌బాల్ జట్టే లేని బడిలో చదువుకునే కుర్రాణ్ని కిక్కర్‌గా చూపించే పథకం, యేల్ మహిళా సాకర్ కోచ్‌కు చేరిన 4 లక్షల డాలర్లు, అన్నీ కోర్టు కాగితాల్లో ఉన్నాయి. బడి ఆట అక్కర్లేదన్న సిద్ధాంతాన్ని చిట్టచివరి మెట్టు దాకా నడిపించిన మహానుభావుడు సింగరే. ఆయన దగ్గర బడి ఆటే కాదు, అసలు ఆటే అక్కర్లేదు! ఆ నటి కూతుళ్లు పడవ నడపడం తానెప్పుడూ ఎరగనే అని అనుమానపడినవాడు కూడా ఎవరో కాదు, బడిలోని కౌన్సెలరే.

ఇంకో అభ్యంతరం ఉంది, అది న్యాయమైనది. చాలా బళ్లలో కోచ్ అంటే సాయంత్రం ఈల పట్టుకున్న సోషల్ టీచరు. పోటీ స్థాయి తక్కువ. నిజంగా ప్రతిభ ఉన్న పిల్ల అక్కడే ఉంటే ఎదగదు. ఒప్పుకోవలసిందే. ఆట నేర్చుకోవడానికి క్లబ్బుకు వెళ్లడంలో తప్పేమీ లేదు, మంచి గురువు ఎక్కడుంటే అక్కడికే వెళ్లాలి. తప్పల్లా క్లబ్బు ఫీజు రసీదును రిక్రూటింగ్ హామీపత్రంగా చదువుకోవడంలో ఉంది. పైగా ఈ మధ్య కోచ్‌లకు బడీ క్లబ్బూ రెండూ పాతబడిపోయాయి. కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌ను 2018 అక్టోబరులో తెరిచారు. 2021లో ఒకసారికి, 2024లో ఎన్నిసార్లయినా, ఏడాది ఖాళీగా కూర్చోకుండా కాలేజీ మారి వెంటనే ఆడవచ్చని నియమాలు సడలించారు. ఇక ఇరవయ్యొక్కేళ్ల వయసులో, కాలేజీ స్థాయిలో రుజువైన ఆటగాడు పక్క రాష్ట్రంలో దొరుకుతుంటే, పదిహేడేళ్ల పిల్లవాడి మీద పందెం కాయాల్సిన ఖర్మ కోచ్‌కేముంది? షోకేస్ నిర్వాహకులు తమ బ్రోచర్లలో ఈ సంగతి రాయడానికి ఎందుకో చోటు దొరకలేదు.

ఇంతకీ హైస్కూల్‌లో చేసిన ఏ పనీ రిక్రూటింగ్ లెక్కలోకి రాదా అంటే, ఒకటి తప్పకుండా వస్తుంది. డివిజన్ 1లో ఆడటానికి అర్హత రావాలంటే హైస్కూల్‌లో 16 ప్రధాన కోర్సులు పూర్తిచేసి, వాటిలో కనీసం 2.3 గ్రేడ్ సగటు చూపించాలి. ఆ 16లో 10 కోర్సులు పన్నెండో తరగతి మొదలయ్యేలోపే అయిపోవాలి. హార్వర్డులూ స్టాన్‌ఫర్డులూ కావాలనుకునేవాళ్లకు ఈ కనీసం ఏ మూలకూ చాలదు. అక్కడ కోచ్ ముందుగా అడిగేది మార్కుల జాబితానే. వీడియో బాగున్నా మార్కులు కుదరకపోతే అడ్మిషన్ ఆఫీసు దాకా పేరు వెళ్లదు. కాబట్టి శుక్రవారం మధ్యాహ్నం ఫ్లోరిడా టోర్నమెంటు విమానం కోసం పిల్లవాణ్ని ఏ కెమిస్ట్రీ క్లాసు మధ్యలోంచి లేపి తీసుకుపోతున్నారో, రిక్రూటింగ్ లెక్కలోకి ఖాయంగా వచ్చే పని ఆ వారం మొత్తంలో ఆ క్లాసు ఒక్కటే.