90 నిమిషాల కాఫీ వ్రతం

నోములకూ వ్రతాలకూ మనకేమైనా కొదవా? చాలనట్టు ఇప్పుడు కాఫీ వ్రతం. లేచిన 90 నిమిషాల దాకా గ్లాసు ముట్టుకోకూడదట, అలా ఆగితే మధ్యాహ్నం నీరసం రాదట. అమెరికా పాడ్‌కాస్టుల్లో పుట్టి, మన రీల్స్‌లో తెలుగు నేర్చుకుని, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పీఠం వేసుకుంది.

సందేహాలు అడిగేవాణ్ణి నేనొక్కణ్ణే. లెక్క ఎప్పటినుంచి? అలారం మోగినప్పటినుంచా, దాని నోరు మూడోసారి నొక్కినప్పటినుంచా? మధ్యలో బాత్రూముకి లేస్తే మళ్లీ మొదటికా? గుటక వేస్తేనే దోషమా, వాసన తగిలినా దోషమేనా? ఐదింటికి లేచి, పిల్లలకు క్యారేజీలు సర్ది, ఆరున్నరకు బస్సు దాకా పరిగెత్తే ఇల్లాలు ఆ కాఫీ ఏ రోడ్డు మీద తాగాలి?

మా పక్క ఫ్లాటు పెద్దాయన డికాషన్ దించుకుని, ఎదురుగా ఫోన్లో టైమర్ పెట్టుకుని కూర్చుంటున్నాడు. గంట మోగాక చల్లారినదాన్ని మళ్లీ కాచుకుని తాగుతున్నాడు. కాచిన డికాషన్ మళ్లీ కాచేవాడికి ఏ ఆరోగ్యం దక్కుతుందండీ?

మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడెనోసిన్ పోగవుతుంది, నిద్ర తూగు దానివల్లే. కెఫీన్ దాన్ని తుడిచెయ్యదు. అది అతుక్కోవాల్సిన చోట తాను అడ్డం కూర్చుంటుంది, అంతే. 90 నిమిషాలు ఆగితే మధ్యాహ్నం నీరసం రాదనడానికి గట్టి ప్రయోగమేదీ లేదు. పొద్దుటి కాఫీ మీద ఇంత శాసనం చేసేవాళ్లు సాయంత్రం కాఫీ ఊసెత్తరు. కెఫీన్ సగం దిగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, గర్భిణులకు ఇంకా ఎక్కువ. పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాములు తీసుకున్నా నిద్రలో గంటకు పైగా కోత పడిందని 2013లోనే డెట్రాయిట్ పరిశోధకులు తేల్చారు.

 

సాయంత్రం కాఫీ ఊసెందుకెత్తరో తెలుసా? ఎత్తితే అది ఎందుకు తాగాల్సొస్తోందో చెప్పాలి. హైటెక్ సిటీలో అమెరికా గడియారానికి పనిచేసే పిల్ల రాత్రి పదకొండింటి మీటింగుకు కళ్లు తెరిచి ఉండాలి. అందుకే అంతస్తుకో ఉచిత కాఫీ మిషను. నిద్ర పట్టక ఆ పిల్ల బేజారైతే అదే కంపెనీ 'మంచి నిద్రకు మెలకువలు' అని వెబినార్ పెడుతుంది. సిగ్గుండాలి.

ఇంటర్ హాస్టళ్లది మరీ ఘోరం. ఐదింటికి లేపుతారు, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్స్. పదహారేళ్ల ఒంటికి ఎనిమిది గంటల నిద్ర కావాలని ఆ ర్యాంకుల ఫ్లెక్సీ మీద ఎవడూ వెయ్యడు. పిల్లలు గేటు ఎదురు కొట్లో ఎనర్జీ డ్రింకు కొనుక్కుంటారు. పిల్లలకు పనికిరాదని డబ్బా మీద రాసే ఉంటుంది, చీమ తలకాయంత అక్షరాల్లో. అమ్మేవాడు చదవడు, తాగేవాడికి చదివే ఓపిక మిగల్లేదు. ఆ పిల్లలు కునికితే తప్పు వాళ్లదే, 'ఫోకస్ లేదు' అని ఇంటికి ఫోను.

ఈ రీల్స్‌వాళ్లు వీటిలో దేన్నీ ముట్టుకోరు. నా పొద్దుటి గ్లాసే దొరికింది వీళ్లకి. ఐదింటి గంట ఏడింటికి కొట్టమని ఆ వార్డెన్‌ని అడిగే రీలు ఒక్కటి చెయ్యండి, లైకు నేను కొడతాను.