శిక్షాదక్షుడు

మన భాషలో ‘శిక్ష’ యను మాటకు నేర్పుట యనియు, దండించుట యనియు రెండర్థములు గలవని నిఘంటువులు చెప్పుచున్నవి గాని, ఆ రెండింటికి నడుమ గోడ యెచ్చట నున్నదో చెప్పజాలకున్నవి. నేను ఉద్యోగమున ప్రవేశించిన తాలూకా కచేరిలోని హెడ్డు గుమాస్తాగారికైతే అట్టి గోడ యొకటి యున్నదన్న సంగతియే తెలియదు. క్రొత్తవారిని పనిలో తీర్చిదిద్దుమని ప్రభుత్వమువారు వారికెన్నడును వ్రాతపూర్వకముగ నుత్తరువిచ్చిన జాడ లేదు. అయినను ఆ గడప త్రొక్కిన ప్రతి గుమాస్తాయు ముందు వారి చేతిలో పడి, పిదపనే సర్కారు చేతిలో పడెడివాడు.

నల్లని ఆల్పకా కోటు, మడత చెదరని కండువా, నుదుటిమీదికి నెట్టిన కండ్లద్దములు — వీనిని కాగితము చదువుటకు గాక, మనుష్యుని చదువుటకు మాత్రమే క్రిందికి దింపెడివారు — కుడిచేతి దాపున నస్యపు డబ్బి. మనము వ్రాసిన డ్రాఫ్టు బాగుండనిచో నస్యము పీల్చి తుమ్మెడివారు. బాగున్నచో పీల్చి ఊరకుండెడివారని సహోద్యోగులు చెప్పగా వింటిని గాని, చూచినవారు మాత్రము కానరాలేదు.

1954వ సంవత్సరము జూలై 1వ తేదీన, పెదనాన్నగారి కోటు తొడుగుకొని, నియామకపుటుత్తరువు చేతబట్టుకొని, బి.ఏ. పట్టము తెచ్చిన ధీమాతో వారి యెదుట నిలిచితిని.

“ఇది ఏ సంవత్సరమోయ్?” అని అడిగిరి.

“1954 అండీ.”

“తప్పు. 1364.”

నేను బెదరి గోడమీది క్యాలెండరు వంక చూచితిని.

“అక్కడేం చూస్తావు? అది మందుల షాపువాడు ఇచ్చింది. ఇది రెవిన్యూ కచేరీ, మనది పంటల లెక్క. ఇవాళ్టినుంచీ ఫస్లీ 1364. నిన్న వచ్చివుంటే 1363 అయ్యేది. జూలైనుంచి డిసెంబరుదాకా 590 తీసెయ్, జనవరినుంచి జూన్‌దాకా 591. వెళ్ళు.”

ఆ విధముగ, లోనికి బోయిన నిమిషములోపల 590 ఏండ్లు వెనుకకు నెట్టబడి బయటికి వచ్చితిని.

తహశీల్దారుగారి దర్శనము చేయింతురని యెదురుచూచుచుండగా, వారు వృద్ధుడైన బంట్రోతును పిలిచి, “ఇదిగో, ఈ అబ్బాయి నీ శిష్యుడు” అని నన్నప్పగించిరి. అవమానముతో నా చెవులు వేడెక్కినవి. ఆ బంట్రోతుకు అక్షరము రాదు. కాని ఏ కట్ట యే బీరువాలో, ఏ యరలో, ఎలుక కొరికిన యే మూలతో నున్నదో, ఏ దొరకు ఏ పూట కోపమెక్కువయో, ఏ కరణము అర్జీ వెంట అరటిగెలను గూడ పంపునో సర్వము నాతనికి కరతలామలకము. మొదటి వారమున నేను నేర్చినదంతయు ఆ నిరక్షరాస్యుని ముఖతః నేర్చినదే.

తరువాతి మూడు వారములు దబ్బనముతో గడచినవి. కాగితముల ఎడమవైపు పైమూలను దబ్బనముతో పొడుచుట, ట్యాగు దూర్చుట, పుటసంఖ్య వేయుట, మరల విప్పుట. నోటు ఫైలునకు నోటు ఫైలు, కరెంటు ఫైలునకు కరెంటు ఫైలు. పుటసంఖ్య లేని కాగితము వారి దృష్టిలో గోత్రము తెలియని పెండ్లికొడుకు. నాకు ముందు వచ్చిన యొకతడు ఈ దబ్బనపు దశలోనే రాజీనామా వ్రాసియిచ్చి బడిపంతులైనాడట. మంచి తెలివిగలవాడని పేరు. అట్టి నష్టములను వ్రాయుటకు కచేరిలో రిజిస్టరు లేకపోవుట చేతనే హెడ్డు గుమాస్తాగారి కీర్తి నిష్కళంకముగ నిలిచినదని నా యనుమానము.

రాజధాని మద్రాసునుండి కర్నూలునకు తరలినను కచేరీ నడక మాత్రము టాటెన్‌హాం పద్ధతినుండి తరలలేదు. తపాలులో వచ్చిన ప్రతి కాగితమును కరెంటగును. దానికొక సంఖ్య పడును. గుమాస్తా పర్సనల్ రిజిస్టరున అది జన్మించి, తీర్మానము పొంది గతించును. గతించిన పిదప, తీర్మానపు గుర్తునుబట్టి, ఎల్.డిస్. ఐనది 1 సంవత్సరము, డి.డిస్. ఐనది 10 సంవత్సరములు ఉండి నశించును, ఆర్.డిస్. మాత్రము ఆత్మవలె శాశ్వతము. చెదపురుగు ఈ విభాగము నంగీకరింపదన్న సంగతి నాకు రికార్డు గదిలో తెలిసినది.

ఆ గదికి నన్ను పంపినది, చెరువు ఆక్రమణకు సంబంధించిన యొక పాత ఫైలు కొరకు. రెండు దినములు వెదకితిని. తలనిండ దుమ్ముతో, ముక్కునిండ తుమ్ములతో తిరిగివచ్చి “దొరకలేదండీ” అంటిని.

“ఎలా దొరుకుతుంది? నా దగ్గరే వుంది” అని మోచేయి యెత్తి చూపిరి.

“మరి నన్నెందుకు...”

“ఆ గదిలో ఇంకేమేం ఉన్నాయో తెలిసిందా లేదా?”

తెలిసినది. ఆ రాత్రి వారిని తిట్టిన తిట్లు ఇచ్చట వ్రాయదగినవి కావు. కాని మరుసటి జమాబందిలో, గ్రామలెక్కల తనిఖీకి వచ్చిన అధికారి హఠాత్తుగా ఒక ముప్పదియేండ్లనాటి కాగితము నడుగగా, కచేరి యంతయు నిశ్చేష్టమైన తరుణమున నేను లేచిపోయి, దీపమైన లేకుండ దానిని తెచ్చి బల్లపై నుంచితిని. హెడ్డు గుమాస్తాగారు నస్యము పీల్చిరి. నేను ఊపిరి బిగబట్టి చూచితిని. తుమ్మలేదు.

జిల్లా ఆఫీసు మాన్యువలును వారు ఎఱ్ఱగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టి తాళము వేసియుంచెడివారు. ఆరునెలలు ప్రాధేయపడినను ఇయ్యలేదు. ఇచ్చిననాడు విప్పిచూడగా అందలి ప్రతి నియమమును నా చేతివ్రేళ్ళకు అప్పటికే తెలిసియున్నది. ఎందులకట్లు చేయవలయునో మాత్రము అప్పుడే తెలిసినది. ఈ క్రమము మంచిదా చెడ్డదా యని నేటికిని తేల్చుకొనలేకున్నాను. నేను సూపరింటెండెంటునైన పిదప, అంత కాఠిన్యము తగదని, క్రొత్తగా వచ్చిన కుఱ్ఱవానిని కుర్చీలో కూర్చుండబెట్టి, కాఫీ తెప్పించి, మూడుగంటలపాటు సమస్తమును వివరించితిని. అతడు చక్కని దస్తూరితో పుస్తకమునిండ వ్రాసికొని, లేచునప్పుడు వినయముగ “రికార్డు గదంటే ఏమిటండీ?” అని యడిగెను.

హెడ్డు గుమాస్తాగారు 55 ఏండ్లు నిండి ఉద్యోగవిరమణ చేయునాడు, తమ స్థానమునకు వచ్చినవారికి అప్పగింపవలసిన వస్తువుల చార్జీ పట్టికను నాకిచ్చి ఫెయిరు కాపీ వ్రాయుమనిరి. బీరువాలు 4, కుర్చీలు 7, గోడగడియారము 1, దబ్బనములు 3. ప్రతిదానికి ఎదుట ‘పనికివచ్చునవి’, ‘పనికిరానివి’ అని రెండు గడులు. గడియారము రెండవ గడిలో నుండెను. వ్రాయుచు వ్రాయుచు చివరి వరుసకు వచ్చితిని. అచ్చట నా పేరు, దానిప్రక్క ‘గుమాస్తా 1’ అనియు, మొదటి గడిలో ఒక టిక్కు గుర్తును ఉండెను. తలయెత్తి చూచితిని. వారు అద్దములను నుదుటిమీదికి నెట్టుకొని కిటికీవైపు తిరిగియుండిరి. మారుమాటాడక దానిని గూడ వ్రాసితిని.

క్రొత్తగా వచ్చినాయన పట్టికను ఒకమారు త్రిప్పి, చదువకయే, ‘సరిచూచి స్వీకరించితిని’ అని సంతకము చేసెను.