బుట్టబంతి పద్యానికి పన్నెండోవాడి వ్యాఖ్య

మలకుపేట నున్న మైదానమందున
నైదుమంది యాడి రలసి సొలసి
బంతి బుట్ట చుట్టి బయటికే వచ్చెను
సారు నోట నుండి శాప మొలికె

అవతారిక: ఈ ఆటవెలది మా కాలేజీ స్పోర్ట్స్ రూము తలుపు వెనక చాక్‌పీసుతో రాసి ఉండేది. కర్త పేరు లేదు. పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు ఒక ఏడాది ఆడిన సీజన్ అంతా ఇందులో ఉన్నది. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరిది మెదక్ దగ్గరి కొల్చారం. ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఆయన ప్రతిజ్ఞ. అందులో మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగం నా వల్ల కాదు. అక్కర్లేనిది వదిలేస్తే ఈ జట్టు గురించి చెప్పడానికి ఏమీ మిగలదు.

ప్రతిపదార్థం: మలకుపేటన్ = మలక్‌పేట యందు; ఉన్న = ఉన్నట్టి; మైదానమందున = సిమెంటు నేలయు, రెండు ఇనుప స్తంభములును, ఒకే ఒక నెట్టును గల చోట; ఐదుమంది = ఐదుగురు; అలసి సొలసి = రొప్పుచు; ఆడిరి = ఆడినారు; బంతి = ఏడో నంబరు బంతి; బుట్టన్ = ఇనుప రింగును; చుట్టి = ప్రదక్షిణము చేసి; బయటికే = వెలుపలికే (ఇచటి ఏకారము వలన మరెక్కడికిని కాదని భావము); వచ్చెను = వచ్చినది; సారు = పి.డి. (ఫిజికల్ డైరెక్టర్) సారుయొక్క; నోట నుండి = నోటి నుండి; శాపము = తిట్టు; ఒలికె = జారెను.

తాత్పర్యం: ఓడిపోయారు.

విశేషాలు: మలక్‌పేట. అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులోని మలిక్ యాకూబ్ పేరు మీద వెలసిన పేట అంటారు. పక్కనే ఉన్న మూసారాంబాగ్ పేరులో రాముడూ లేడు, మూసీ నదీ లేదు. నిజాం సైన్యంలో పనిచేసి 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమండ్, జనం నోట్లో నలిగి నలిగి మూసారాం అయ్యాడు. మనుషులనే ఇట్లా మార్చగల ప్రాంతంలో ఒక లేఅప్ దారి తప్పడం పెద్ద వింత కాదు.

ఇక్కడొక పాఠభేద చర్చ. ఆ మ్యాచ్ నిజానికి జరిగింది మలక్‌పేటలో కాదు, మూసీ వంతెన దాటాక చాదర్‌ఘాట్ విక్టరీ ప్లేగ్రౌండ్‌లో. ఆ సంగతి కవికి తెలియదా? తెలుసు. కానీ చాదర్‌ఘాట్ అని పెడితే గణం చెడుతుంది. గణం కోసం కవి మైదానాన్నే నది దాటించాడు. ఓడిన చోటి పేరు విక్టరీ అని ఉంటే చదివేవాడు నవ్వుతాడన్న భయం కూడా ఉండొచ్చు.

శంక: సీజన్ అన్నావు, పద్యంలో ఒక్క మ్యాచే ఉన్నదేం?

సమాధానం: ఒక్క మ్యాచే ఉన్నది కాబట్టి. అమెరికాలో కాలేజీ జట్టుకి సీజన్ అంటే ముప్పై పైచిలుకు ఆటలు. ఆ పైన మార్చిలో పెద్ద నాకౌట్, దేశమంతా టీవీల ముందు. మన యూనివర్సిటీ ఇంటర్-కాలేజీ పద్ధతిలో ముందు నాకౌట్, అది దాటి చివరికి మిగిలిన నాలుగు జట్లకి లీగ్. లీగ్ దాకా వెళ్లే కాలేజీల పేర్లు అందరికీ తెలుసు, వాటిలో మాది లేదు. జూలైలో సెలక్షన్లు, ఆగస్టులో పొద్దున ఆరింటికి ప్రాక్టీసు, వాన పడిందంటే రైల్వే బ్రిడ్జి కింద నీళ్లు నిలిచి సగంమంది రారు. ఇంత చేసినది నలభై నిమిషాల కోసం. నాలుగు క్వార్టర్లు, పది నిమిషాల చొప్పున. పద్యానికీ నాలుగు పాదాలే. కవి లెక్క తప్పలేదు.

అసలు మలక్‌పేటలో సీజన్ అంటే మొదటి అర్థం గుర్రాలది. రేస్‌కోర్సులో వానాకాలం సీజన్ ఒకటి, చలికాలం సీజన్ ఒకటి. ఓడిన గుర్రం వారం తిరగ్గానే మళ్లీ పరిగెడుతుంది, దానికి దాణా, సయీసు, డాక్టరు. తర్వాత గంజ్‌లో ఉల్లిగడ్డల సీజన్, మిర్చి సీజన్. బాస్కెట్‌బాల్ సీజన్ అంటే మా చాయ్ హోటలాయన "గదెప్పుడొస్తది?" అని అడిగాడు. నిన్ననే అయిపోయిందని చెప్పాల్సొచ్చింది.

ఐదుమంది. ఈ పదం దగ్గర వ్యాఖ్యాత కొంచెంసేపు ఆగుతాడు, పాఠకులు సహించాలి. జట్టు లిస్టులో పేర్లు పన్నెండు. కవి ఐదుగురిని చెప్పి ఏడుగురిని వదిలాడు. దీన్ని అధ్యాహారం అంటారు, అంటే చెప్పకపోయినా ఉన్నదని తెలుసుకోవాల్సినది. ఆ ఏడుగురు బెంచీ మీద ఉన్నారు. ఒకడు గ్లూకోజు డబ్బా పట్టుకున్నాడు. ఇంకొకడి బూట్లు ఆడేవాడి కాళ్లకున్నాయి కనుక వాడు చెప్పుల్తో కూర్చున్నాడు. మరొకడు మధ్యాహ్నం ల్యాబ్ అటెండెన్సు లెక్కేస్తున్నాడు. పన్నెండోవాడు స్కోరు రాస్తున్నాడు. వాడే ఈ వ్యాఖ్యాత. ఆడినవాళ్లకి వ్యాఖ్య రాసే తీరిక ఉండదు, వాళ్లు మూలం.

బుట్ట. ఇనుప రింగుని బుట్ట అనడం తప్పని ఆధునికుల ఆక్షేపణ. అది హేయం. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు జిమ్నాజియం బాల్కనీకి నిజంగానే పీచ్‌పండ్ల బుట్టలు కట్టించాడు. ఆ బాల్కనీ ఎత్తు పది అడుగులు, అందుకే ఈనాటికీ రింగు పది అడుగుల మీదే. బుట్టకి అడుగు ఉండేది. బంతి పడితే నిచ్చెన వేసి తీయాలి. ఆయన రాసిన నియమాలు 13. జట్టుకి తొమ్మిదిమంది. ఆ మొదటి ఆట మొత్తం మీద పడిన గోలు ఒక్కటే. మా జట్టు స్కోరు చూసి నవ్వినవాళ్లు ఈ ఒక్క వాక్యాన్ని మళ్లీ చదువుకోగలరు: ఆదికాలపు సంప్రదాయాన్ని మేం దాదాపు కాపాడాం.

ఆ విద్య వై.ఎం.సి.ఏ. వాళ్ల చేతుల మీదుగా మన దేశానికి వచ్చింది. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వ్యాయామ విద్యా కళాశాల పెట్టాడు. మా పి.డి. సారు మెడలోని విజిలు ఆ గురుపరంపరలోనిదే.

బంతి బుట్ట చుట్టి. పద్యానికి ప్రాణం ఈ పాదం. మేం ఒక్క పాయింటు వెనక. రింగు వ్యాసం 45 సెంటీమీటర్లు, బంతిది సుమారు 24. అంటే రెండు బంతులు పక్కపక్కన కాస్త ఇరుకుపడితే దూరిపోయేలా ఉన్న చోట ఒక్కటి దూరలేదు. వేసినవాడి మోచెయ్యి సరిగ్గా ఉంది, మణికట్టు సరిగ్గా వంగింది, ఎగిరిన అడుగూ సరిగ్గానే పడింది. బంతి రింగు మీద ఒకసారి తిరిగింది, బెంచీ మొత్తం లేచింది, రెండోసారి తిరిగింది. తర్వాత ఏమైందో కవి "బయటికే" అని ఏకారం పెట్టి చెప్పాడు.

కారణాలన్నీ ఉండి కూడా కార్యం జరగకపోతే అది విశేషోక్తి అలంకారం. లక్షణ గ్రంథాల్లో ఎన్ని ఉదాహరణలు చదివినా నాకు అర్థం కాని ఈ అలంకారం ఆ రెండు క్షణాల్లో అర్థమయింది. రసం దగ్గర పండితులకి పేచీ ఉంది. బంతికీ బుట్టకీ ఎడబాటు గనుక విప్రలంభ శృంగారమని కొందరు. కరుణమని బెంచీ. ఎదుటి జట్టు గ్యాలరీ మాత్రం హాస్యమని తీర్పు చెప్పి కేకలేసింది.

శాపము ఒలికె. తిట్టె అనలేదు, ఒలికె అన్నాడు. నిండిన పాత్ర నుంచే ఒలుకుతుంది. జూలై నుంచీ నిండుతున్న పాత్ర అది. పద్యంలో ఇమడలేదు కానీ అసలు వాక్యం నా స్కోరు పుస్తకం అట్ట మీద రాసుకున్నాను: "రింగు చుట్టు ప్రదక్షిణలు చేయిస్తున్నరా? గుడి అనుకున్నరా? పోండి, మల్ల సంవత్సరం దాంక మీ ముఖాలు నాకు చూపియ్యకుండ్రి!" దానికి బంతి వేసినవాడు, "సార్, రింగే వంకరున్నది సార్" అన్నాడు. ఇది ప్రక్షిప్తమని కొందరంటారు. కాదు, నేను విన్నాను.

ఇంతకీ శాపావధి ఒక ఏడాది అని గమనించాలి. మేఘదూతంలో యక్షుడికి పడినదీ సరిగ్గా ఏడాదే. పని మీద ధ్యాస లేదన్నదే అక్కడా నేరం. యక్షుడు మేఘంతో కబురు పంపాడు. మాకు వానపడితే బ్రిడ్జి కింద నడుం లోతు నీళ్లు తప్ప మేఘం వల్ల ఒరిగింది లేదు.

చివరగా పద్యంలో లేని ఒక విషయం. ఆ సాయంత్రం సారు స్పోర్ట్స్ రూముకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని బస్సెక్కారు. బంతి మాత్రం నా సంచీలోనే ఉండిపోయింది. తాళం వేసే ముందు సారు ఆ సంచీ వైపు ఒకసారి చూశారు, ఏమీ అనలేదు.