బస్తర్‌లో హ్యామ్ సెట్టు గుట్టు రట్టు చేయు విధానం

విశాఖ నుంచి కేకే లైన్ రైలెక్కి బచేలిలోనో కిరండూల్‌లోనో కాపురం పెట్టిన మన తెలుగు బాబాయిలు హ్యామ్ సెట్టు, అంటే హాబీగా దూరంవాళ్లతో మాట్లాడుకునే రేడియో, కొన్నారనుకుందాం. ముందుగా మాన్యువల్‌ను పెట్టెలోనే వదిలెయ్యాలి. అది చదివితే సెట్టులోని రహస్యాలు సగం అక్కడికక్కడే చచ్చిపోతాయి.

బావోఫెంగ్ యూవీ-5ఆర్ అయితే 3 అంకె నొక్కిపట్టి ఆన్ చెయ్యండి. తెర మీద ఫర్మ్‌వేర్ వెర్షన్ కనబడుతుంది. దాంతో ఏం చెయ్యాలని అడగకండి, కనిపెట్టడమే గొప్ప. పక్కనున్న ఒక మీట ఎఫ్ఎం పాటలు వినిపిస్తుంది, ఇంకోటి టార్చి వెలిగిస్తుంది. కరెంటు పోయిన రాత్రి ఇంట్లోవాళ్లు మీ హాబీని మెచ్చుకునేది ఈ టార్చి ఒక్కదానికే. ఆ ఉత్సాహంలో 40వ మెనూకి వెళ్లి రీసెట్ నొక్కితే సెట్టు మీతో చైనీస్‌లో మాట్లాడటం మొదలుపెట్టవచ్చు. కంగారు వద్దు. కొత్త ఫీచర్ అని పక్క క్వార్టరు పిల్లలకు చెప్పి, వాళ్లు వెళ్లాక 14వ మెనూలో ఆ గొంతు నొక్కెయ్యండి.

కాస్త ఖరీదైన యాయెసు ఎఫ్‌టీ-817 ఉంటే ఏ, బీ, సీ మీటలు మూడూ నొక్కిపట్టి ఆన్ చెయ్యండి. మెకానిక్కులు సెట్టును సరిచూసుకునే అలైన్‌మెంట్ మెనూ తెరుచుకుంటుంది. తెలిసినవాళ్లు ఏదైనా ముట్టుకునే ముందు అందులోని విలువలన్నీ కాగితం మీద రాసుకుంటారు. మీరు రాసుకోకండి. రాసుకుంటే మెకానిక్కు పిల్లల ఫీజులు ఎవరు కడతారు?

ఇంత వెతికినా దొరకని ఫీచర్ ఒకటుంది: కొండ. వీహెచ్ఎఫ్ తరంగం దాదాపు చూపుమేర దాకానే పోతుంది. సెట్టు నేలకు మీటరున్నర ఎత్తులో ఉంటే ఆ మేర 5 కిలోమీటర్లు. 400 మీటర్ల ఎత్తెక్కితే 82. పవర్ ఎన్ని వాట్లు పెంచినా ఈ తేడా రాదు. బైలదిలా కొండలు అందుకే పుట్టాయనిపిస్తుంది. కాకపోతే పైన ఇనుప గనులున్నాయి, ఎన్ఎండీసీ అనుమతి లేనిదే గేటు దాటనివ్వరు.

సరే, గేటు సంగతి వదిలేసి సాల్ అడవిలో ఇంకేదో గుట్ట చూసుకుంటారు. పొడవాటి యాంటెన్నా తగిలించి సెట్టును చెవి దగ్గర పెట్టుకుంటారు. బస్తర్‌లో మాత్రమే పనిచేసే ఫీచర్ అప్పుడు బయటపడుతుంది: మీరు ఎవరినీ పిలవకుండానే సీఆర్పీఎఫ్ జవాన్లు వస్తారు. మావోయిస్టులతో ఎన్‌కౌంటర్ తర్వాత పోలీసులు పత్రికలవాళ్ల ముందు పరిచే సామాన్లలో తుపాకుల పక్కన వాకీటాకీ తరచూ ఉంటుంది. ‘ఇది హాబీ సార్’ అన్న మాట అక్కడ ఏ భాషలో చెప్పినా అంత తేలిగ్గా ఎక్కదు. ఎక్కకపోవడంలో వాళ్ల తప్పూ లేదు.

పైగా యూవీ-5ఆర్ 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ దాకా ఎక్కడైనా మాట్లాడనిస్తుంది. అందులో మన దేశపు హ్యామ్‌లది 144 నుంచి 146 వరకే. మిగతాదంతా తలుపు వెయ్యని పరాయి ఇల్లు. మనదేశంలో 1933 చట్టం నాటి నుంచీ ఇలాంటి సెట్టు దగ్గర ఉంచుకోవడానికే అనుమతి కావాలి. కొని, మీటలన్నీ నొక్కి చూసి, చివర్లో లైసెన్సు గురించి ఆలోచించే మన పద్ధతికి ఇక్కడ చోటు లేదు.

కాబట్టి బాబాయ్, సెట్టు కంటే ముందు పరీక్ష. పన్నెండేళ్లు నిండిన పిల్లలూ రాయొచ్చు, అబ్బాయిని కూడా కూర్చోబెట్టండి. నేర్చుకోవడానికి హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. లైసెన్సు వచ్చాక ఆ కాగితం జేబులో పెట్టుకుని, ఠాణాలో ఒక మాట చెప్పి గుట్టెక్కండి. పైకెళ్లాక మాత్రం గుట్టుగా మాట్లాడకండి. హ్యామ్ రేడియోలో కోడు భాష నిషేధం, మీరు మాట్లాడేది ఎవరైనా వినొచ్చు.