ఊపిరి లేని గాయనికి ఆయాసం

పాడే రోబో అంటే సాధారణంగా పెదవులు కదిపే లౌడ్‌స్పీకరు. దాని గొంతులో గాలీ ఉండదు, స్వరతంత్రులూ ఉండవు. కంప్యూటర్ తయారుచేసిన పాట స్పీకరులోంచి వస్తుంటే మోటార్లు నోరు ఆడిస్తాయి. సినిమాల్లో దీన్ని ప్లేబ్యాక్ అంటారు, ప్రయోగశాలలో ఆవిష్కరణ అంటారు.

కంప్యూటర్ పాట కొత్తదేమీ కాదు. 1961లోనే బెల్ ల్యాబ్స్‌లో ఒక ఐబీఎం యంత్రం పాడింది. పాటలు పాడే సాఫ్ట్‌వేర్, యమహావారి వోకలాయిడ్, 2004లో అమ్మకానికి వచ్చింది. పాటకు ముఖం కూడా ఉండాలన్న ముచ్చటను జపాన్‌లోని ఏఐఎస్‌టీ అనే పరిశోధన సంస్థ తీర్చింది. 2009లో అది చూపిన హెచ్‌ఆర్‌పీ-4సీ అనే రోబో ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు బ్యాటరీతో కలిపి 43 కిలోలు. ముఖంలోనే 8 మోటార్లు.

2010లో దీనికి రెండు సాఫ్ట్‌వేర్లు తోడయ్యాయి. మనిషి పాడిన పాట విని స్వరం హెచ్చుతగ్గులను పట్టుకునేది వోకాలిసనర్. పాడేవారి వీడియో చూసి నోరు, కళ్లు, మెడ కదలికలను పట్టుకునేది వోకావాచర్. అంతవరకు సరే. కానీ పాట మధ్యలో మనిషి గాలి పీల్చిన చప్పుడును కూడా యంత్రం చేత పలికించారు.

ఊపిరితిత్తులు లేనిదానికి ఉచ్ఛ్వాసం! బ్యాటరీ ఉన్నంతసేపు ఒకే స్వరం మీద నిలబడగలదు, ఏ విద్వాంసుడికీ లేని వరం అది. దాన్ని దాచిపెట్టి రొప్పు నటించడం చేపకు గొడుగు పట్టడమే.

సంగీతం నేర్చుకునేవారు గాలి ఎక్కడ తీసుకోవాలో తెలియక గురువుల చేత ఏళ్లతరబడి చీవాట్లు తింటారు. మాట విరగకూడదు, తాళం తప్పకూడదు, పీల్చిన చప్పుడు మైకుకు అందకూడదు. సాధనలో సగం ఈ దాపరికమే. మనుషులు దాచుకోవడానికి తంటాలు పడే చప్పుడు మరమనిషికి నగ అయింది. అది ఉంటేనే పాట సహజమట!

సహజం కాదు, బుకాయింపు. ఆ ఊపిరి ఒక మనిషిది. పీల్చిందీ మనిషే, పాడిందీ మనిషే, పేరు మాత్రం మోటార్లకు. వోకలాయిడ్ అడుగునా మనుషుల గొంతులే ఉన్నాయి. 2007లో వచ్చిన హత్సునె మికు అనే వోకలాయిడ్ గాయని గొంతు ఫుజితా సాకి అనే నటిది, రికార్డు చేసి ముక్కలుగా కోసి పెట్టుకున్నది. ‘రోబో పాడింది’ అనే శీర్షిక శుద్ధ అబద్ధం. అరువు గొంతును అరువని చెప్పడానికి నోరు రానివారు రోబోకు నోరెందుకు పెట్టాలి?

2010 అక్టోబరులో టోక్యోలో హెచ్‌ఆర్‌పీ-4సీ మనుషులతో కలిసి నాట్యం కూడా చేసింది. ఆయాసపడే హక్కు అక్కడ ఎవరికైనా ఉంటే, అది పక్కన ఆడినవారికే.