అచ్చుల సారు

ప్రతి మండలమునందును, తహశీలుదారునకు లేని తీరికయు శాసనసభ్యునకు లేని ఆశయమును గల పురుషుడొకడు తప్పక యుండును. అతడే డ్రాయింగు సారు. లింగాల ప్రాంతమున ఈ జాతివానిని ఆనవాలు పట్టుటకు పరిశోధన యక్కరలేదు: కలముండవలసిన జేబులో చాకు, గోళ్ల సందున నీలిరంగు, భుజమున వ్రేలాడు సంచిలో నల్లమల మృగసంతతి యంతయు ఆలుగడ్డల రూపమున. చైత్రపౌర్ణమికి సలేశ్వరము పోవు యాత్రికులవలె ప్రాథమిక పాఠశాల పిల్లలు ఆ సంచి వెంట బడుదురు.

గడ్డను నడిమికి కోసి, గుడ్డతో తడి యొత్తి, చెక్కివేసిన భాగము తెల్లగా నిలుచుననియు, మిగిలిన భాగమే రంగు పట్టుననియు, కుడివైపు చూచు జింక కాగితముపై ఎడమవైపు చూచుననియు ఆయన బోధించు గాంభీర్యమును గాంచినచో, వేదాంతము పాఠ్యప్రణాళికలో చేరెనా యని భ్రమ కలుగును. బెండకాయ ముక్క దుప్పి మచ్చ. మోదుగాకు ఏనుగు చెవి. బొటనవ్రేలి ముద్రకు తోక తగిలించిన ఎలుక. వాకిట నిలిచిన వంటమ్మ, "సారూ, కూరలకన్న రెండు గడ్డలు ఇడిసిపెట్టుండ్రి" అని మొరపెట్టుకొనును. ఆమె మొర న్యాయమే. కళకు ఆకలి యుండవచ్చునుగాని మధ్యాహ్న భోజనముమీదనే పడవలెనా!

1940లో మెదకు సీమ నిజాంపూరున బుట్టి, ఎచింగు పలకలపై పల్లె మేకలను చిరంజీవులను గావించిన లక్ష్మాగౌడును సారు ఏకవచనమున ప్రస్తావించును. పులిని మాత్రము ఆయన ఎన్నడును చూచి యెరుగడు. అందులకు సిగ్గుపడడు సరికదా, 1515లో డ్యూరరు అను జర్మను చిత్రకారుడు, లిస్బను రేవున దిగిన ఖడ్గమృగమును కంట జూడకయే, ఒకరి లేఖయు చిత్తుబొమ్మయు ఆధారముగా కొయ్యయచ్చు వేయింపగా, యూరపు తరతరములు నమ్మలేదా యని గద్దించును.

అట్టి సారు ఒకనాడు గడ్డపై పులి పంజాను చెక్కి, భయంకరములైన గోళ్లు తీర్చి, కాగితముపై ఒత్తెను. కెమెరాలు చెట్లకు గట్టుటకు పూర్వము అటవీశాఖవారు అడుగుజాడలను బట్టియే పులులను లెక్కించినారన్నమాట ఆయన మరచెను; ముందుబల్లపై గూర్చున్న చెంచు బాలుడు మరువలేదు.

"పులి అడుగుల గోర్లు పడవు సారూ. గోర్లు పడితె రేసుకుక్క."

మండల విద్యాధికారి మాటకైనను చలింపని సారు, మారుమాట లేక గోళ్లను చెక్కివేసి మరల నొత్తెను. బాలుడు కాగితముపై వంగి, వ్రేళ్లతో కొలిచి, తీర్పు చెప్పెను:

"ఇప్పుడు పులే. గింత చిన్నగున్నదంటే కూన సారూ. తల్లి ఈడనే యాడనో ఉంటది."

సారు లేచి కిటికీ మూసెను.